ఎక్స్‌టోల్ అంటే ఉత్త పొగుడుడేనా?

బ్యాంక్‌జాబ్_హన్మకొండ
కోచింగ్‌ల ఇచ్చిన మెటీరియల్ ముందరేసుకొని కూసున్న. ప్రెయిజ్, లాడ్, ఎక్స్‌టోల్, కమెండ్, అప్లాడ్ ఐదింటికి ఎదురుంగ ఒక్కటే మాట రాసిండ్రు, "పొగుడు" అని. సార్‌ను అడిగితే అన్నీ ఒకటే, బట్టీ పట్టు అన్నడు. మాక్ టెస్టుల ఖాళీ పూరించే ప్రశ్నకు ఎక్స్‌టోల్, కమెండ్ రెండూ ఆప్షన్లల్ల ఇచ్చిండ్రు. ఒకటే అయితే రెండు ఎట్ల ఇస్తరు? నా రూమ్మేటేమో ఎక్స్‌టోల్ అంటే లేనిది కూడా కల్పించి పొగుడుడు, అది మంచి మాట కాదు అంటడు. నేను తెలుగు మీడియం. డిక్షనరీ తీస్తే ఒక మాటకు ఇంకో మూడు గసుంటి మాటలే వస్తున్నయ్. ఈ ఎక్స్‌టోల్ అసలు ఎక్కడికెల్లి వచ్చింది, ఎసుంటి కాడ వాడాలె? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

లష్కర్‌బజార్
మీ సార్ సరిగనే చెప్పిండు తమ్మీ. సినానిమ్ అడిగితే ఐదింట్ల ఏది పెట్టినా మార్కు పడ్తది. మాటల పుట్టుక తవ్వుకుంట పోతే సిలబస్ ఎప్పుడొడుస్తది?

సుబేదారి_టీచరమ్మ
లష్కర్‌బజార్ గారూ, సినానిమ్ ప్రశ్నకు మీ మాట చెల్లుతుంది. ఖాళీ పూరించమన్నప్పుడు చెల్లదు. మా పిల్లలు మార్కులు పోగొట్టుకునేది సరిగ్గా అక్కడే.

ఎక్స్‌టోల్ లాటిన్ మాట. "ఎక్స్" అంటే బయటికి, పైకి. "టొల్లెరె" అంటే ఎత్తడం. కలిపితే ఎక్స్‌టొల్లెరె, పైకెత్తడం. రోమన్లు దాన్ని చేతులతో వస్తువును ఎత్తడానికీ వాడారు, మాటలతో మనిషిని ఎత్తడానికీ వాడారు. 15వ శతాబ్దం నాటికి ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట్లో అక్కడ కూడా నిజంగా పైకెత్తడం అనే అర్థం ఉండేది, అది క్రమంగా రాలిపోయి పొగడ్త ఒక్కటే మిగిలింది.

బాబూ, మీ మెటీరియల్లో "పొగుడు" కొట్టేసి "ఆకాశానికెత్తు" అని రాసుకో. ఇంగ్లీషు మాట పుట్టుకలో ఉన్న పనే మన జాతీయంలోనూ ఉంది. ఇంతకన్నా దగ్గరి మాట దొరకదు.

ఇక వాడుక. ఎక్స్‌టోల్‌ను మనిషి మీద కన్నా గుణం మీద, పద్ధతి మీద, వస్తువు గొప్పదనం మీద ఎక్కువగా వాడతారు. "ఎక్స్‌టోల్ ద వర్చ్యూస్ ఆఫ్" అనే జంట పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. లెక్క సరిగ్గా చేసిన పిల్లవాణ్ణి టీచర్ ప్రెయిజ్ చేస్తుంది, ఎక్స్‌టోల్ చేసిందంటే వాక్యం ఎబ్బెట్టుగా ఉంటుంది. మన కొత్తవాడలో నేసే దరీల పనితనాన్ని ఒక ఉపన్యాసకుడు ఎక్స్‌టోల్ చేశాడంటే చక్కగా అతుకుతుంది.

కాజీపేట_లోకో
టీచరమ్మా, ఎత్తుడు అంటే మునగచెట్టు ఎక్కిచ్చుడు కూడా ఎత్తుడే గదా. అది కూడా ఎక్స్‌టోలేనా?

సుబేదారి_టీచరమ్మ
అది ఫ్లాటర్. మునగకొమ్మ పెళుసు, ఎక్కినవాడు పడతాడని ఎక్కించేవాడికి తెలుసు. ఎక్స్‌టోల్‌లో ఆ కపటం లేదు.

లష్కర్‌బజార్
కపటం లేదంటే ఒప్పుకోను మేడం. "ఊకె వాన్ని ఆకాశానికెత్తకుండ్రి" అని అననోడు ఓరుగల్లుల ఉన్నడా? ఆకాశానికెత్తుడు అన్నప్పుడే కొలత దాటింది అనే లెక్క. మీరే ఆ తెలుగు మాట ఇచ్చిండ్రు కాబట్టి ఎక్స్‌టోల్‌ల కూడా అతి ఉన్నట్టే. రూమ్మేట్ అన్నదాంట్ల సగమన్న నిజమున్నది.

ఫాతిమానగర్_వాయిస్
మాది చర్చి కాయిర్, ఇంగ్లీషు మాసుకు కూడా పాడుతాం. ఎక్స్‌టోల్ మాకు రోజువారీ మాట. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో 30వ కీర్తన మొదలయ్యేదే ఆ మాటతో. "ఐ విల్ ఎక్స్‌టోల్ దీ, ఓ లార్డ్, ఫర్ దౌ హాస్ట్ లిఫ్టెడ్ మీ అప్." నువ్వు నన్ను పైకెత్తావు, కాబట్టి నేను నిన్ను ఎత్తి పాడతాను అని. 145వ కీర్తనలోనూ అంతే. హీబ్రూలో అక్కడున్న క్రియకు కూడా "ఎత్తుగా ఉండు" అనే ధాతువే మూలం. అనువదించినవాళ్లు ఆలోచించి ఏరిన మాట అది.

దేవుణ్ణి స్తుతించే చోట కొలత దాటడం అనే ప్రశ్నే రాదు కదా అన్నా. పుట్టుకలోనే అతి ఉంటే ఈ మాటను అక్కడ పెట్టేవాళ్లు కాదు. మా తెలుగు బైబిల్లో ఆ చోట "కొనియాడు" ఉంది. నన్నడిగితే "ఆకాశానికెత్తు" కన్నా అదే నయం.

సుబేదారి_టీచరమ్మ
కొనియాడు బాగుంది. గంభీరంగా రాసేటప్పుడు కొనియాడు, మాట్లాడేటప్పుడు ఆకాశానికెత్తు. రెండూ రాసుకో బాబూ.

లష్కర్‌బజార్
దేవుని ముచ్చట వేరు, మనుషుల ముచ్చట వేరు. "ఫలానా ఆయన తన కంపెనీ సరుకును ఎక్స్‌టోల్ చేసిండు" అని పేపర్ల చదివితే నాకు జర అనుమానమే వస్తది. రాసినోడు కూడా ఆ అనుమానం రావాలనే రాస్తడు.

ఓరుగల్లు_టు_డబ్లిన్
లష్కర్ అన్నకు ఆసరాగా ఒక పాత ముచ్చట. నేనిక్కడ లాటిన్ ఒక పేపరుగా తీసుకున్న, అందుల వచ్చింది.

టొల్లెరె అంటే ఎత్తుడు ఒక్కటే అర్థం కాదు. ఎత్తి పక్కకు పెట్టుడు, తీసేసుడు కూడా. క్రీస్తుపూర్వం 43ల రోమ్‌ల సిసిరో అనే మహా వక్త ఉండె. జూలియస్ సీజర్ దత్తపుత్రుడు ఆక్టేవియన్ అప్పటికి 19 ఏండ్ల పోరడు. ఆ పోరని గురించి సిసిరో మూడు మాటలన్నడని ఊరంతా పాకింది. "లౌదాందుమ్, ఓర్నాందుమ్, తొల్లెందుమ్." పొగడాలె, గౌరవించాలె, ఎత్తాలె. మూడో మాటల ఉన్నది మెలిక. ఎత్తాలె అంటే పదవికి ఎత్తాలెనా, అడ్డం తీసెయ్యాలెనా? ఆ మాట పోరని చెవిల పడ్డదని డెసిమస్ బ్రూటస్ అనే సేనాని సిసిరోకే ఉత్తరం రాసిండు. ఆ ఉత్తరం ఇప్పటికీ ఉన్నది. అదే ఏడు డిసెంబర్ల సిసిరోను చంపేసిండ్రు. చంపాల్సినోళ్ల జాబితా వేసిన ముగ్గురిల ఆ పోరడు ఒకడు. తర్వాత ఆయనే అగస్టస్ చక్రవర్తి అయిండు.

ఎత్తుడులనే తీసేసుడు కూడా దాక్కొని ఉన్నదని రోమన్లకు బాగ తెలుసు.

కాజీపేట_లోకో
అరె, మన దగ్గర కూడా అంతే గదా! "లేపిండు" అంటే పైకి తెచ్చిండు. "లేపేసిండు" అంటే ఖతం. "ఎత్తిండు" అంటే మోసిండు, "దుకాణం ఎత్తేసిండు" అంటే మూసిండు. ఒక్క "ఏసిండు" తగిలితే మనిషే మాయం.

మండిబజార్_చాయ్
సిసిరో సాబ్ జర సంభాలించి మాట్లాడేది ఉండె.

ఓరుగల్లు_టు_డబ్లిన్
మాట పదును ఆపుకోలేని మనిషి. గద్దెనెక్కిన మార్క్ ఆంటోనీ మీద వరసబెట్టి ఉపన్యాసాలు ఇచ్చినోడు.

కోట_గోడ
ఎత్తడం, పొగడటం అన్న ముచ్చట వచ్చింది కాబట్టి మన ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. లష్కర్‌బజార్ గారు పొగడ్త అంటేనే అనుమానించాలి అన్నట్టు మాట్లాడుతున్నారు. కాకతీయుల గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం పొగడ్త వల్లనే తెలిసింది.

వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. రుద్రదేవుని వంశం, ఆయన ఎవరెవరిని ఓడించాడు అన్నది శ్లోకాల్లో ఉంటుంది. రాసింది అచింతేంద్రుడు. రామప్ప గుడి దగ్గరి పాలంపేట శాసనం 1213 నాటిది, అందులో కాకతీయుల సేనానులైన రేచర్ల వంశపు పొగడ్త ఉంది. శాసనాల్లో ఈ భాగాన్ని ప్రశస్తి అంటారు. దానం ఇచ్చిన సంగతి చెప్పేముందు దాత వంశాన్ని కొనియాడతారు. కవి పెంచి చెప్పినది ఎంతో పక్క శాసనాలతో సరిచూసుకోవాలి, నిజమే. కానీ తండ్రి పేరు, తాత పేరు, గెలిచిన ఊరు, కట్టించిన గుడి, తవ్వించిన చెరువు అన్నీ ఆ పొగడ్త లోపలే ఉన్నాయి. ప్రశస్తి లేకపోతే మన చరిత్రలో పేజీలకు పేజీలు ఖాళీ.

ఎక్స్‌టోల్‌కు నిలువెత్తు ఉదాహరణ కావాలంటే విద్యానాథుడు. ప్రతాపరుద్రుని ఆస్థాన కవి, సంస్కృతంలో ప్రతాపరుద్రయశోభూషణం రాశాడు. అది అలంకారశాస్త్ర గ్రంథం. ఏ అలంకారానికైనా లక్షణం చెప్పి ఉదాహరణ ఇవ్వాలి కదా, ఆ ఉదాహరణలన్నీ తనే కట్టాడు, అన్నీ ప్రతాపరుద్రుని పొగడ్తలే. నాటకం ఎట్లా రాయాలో చెప్పడానికి ఏకంగా ఆ రాజు మీదే ఒక నాటకం రాసి మధ్యలో పెట్టాడు. 1323లో కోట పడిపోయింది, రాజ్యం పోయింది. అలంకారశాస్త్రం చదువుకునేవాళ్లు మాత్రం ఇప్పటికీ ఆయన పేరు పలుకుతూనే ఉన్నారు.

అదే గడ్డ మీద బమ్మెరలో పోతన రాజులకు అంకితం ఇవ్వనని భాగవతాన్ని దేవునికే ఇచ్చాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని నేను అడగను. పొగడ్త ఎవరి మీద పెట్టాలి అన్నది ఇక్కడ ఏనాటినుంచో నడుస్తున్న తగువు.

లష్కర్‌బజార్
నేను పోతన పార్టీ.

బ్యాంక్‌జాబ్_హన్మకొండ
ఇంత ఉన్నదా దీంట్ల! టీచరమ్మా, మరి ప్రెయిజ్? అది కూడా ఎత్తుడేనా?

సుబేదారి_టీచరమ్మ
ప్రెయిజ్ ఎత్తడం కాదు, ధర కట్టడం. లాటిన్‌లో "ప్రెతియుమ్" అంటే వెల. దాని నుంచి వెల కట్టు అనే క్రియ, అది పాత ఫ్రెంచిలో "ప్రెయ్‌సియే" అయి ఇంగ్లీషులోకి వచ్చింది. ప్రైస్, ప్రెయిజ్, ప్రైజ్, ప్రెషస్, అప్రీషియేట్ అన్నీ ఆ కుదురువే. బంగారం మీద అప్పు కోసం బ్యాంకుకు పోతే నగ చూసి విలువ కట్టే అప్రైజర్ ఉంటాడు కదా, ఆ మాట కూడా.

నర్సంపేట_మిర్చి
గిది మాత్రం నాకు మస్తు నచ్చింది. ప్రెయిజ్ అంటే ధర కట్టుడు అని ఇంగ్లీషోళ్లు చెప్పాల్నా, ఎనుమాముల మార్కెట్ల రోజు చూస్తనే ఉంటం.

యార్డుల బస్తాలు దించి కుప్ప జేస్తం. ఖరీదుదారు వస్తడు, పిడికెడు మిర్చి తీస్తడు, ఇరిచి చూస్తడు, వాసన చూస్తడు, రంగు చూస్తడు. సరుకు ఎంత మంచిగున్నా నోట్లెకెల్లి "బాగుంది" అనే మాట రాదు. తేమున్నది అంటడు, తాలు కలిసింది అంటడు, రంగు తక్కువున్నది అంటడు. ఎందుకు? బాగుంది అన్నడంటే రేటు పెంచాలె. ఒక్క మెచ్చుకోలు మాట పడితే క్వింటాల్‌కు ఎంతో కొంత ఎక్కువ పెట్టాల్సి వస్తది. అందుకనే మెచ్చుకోరు. మేమేమో చపాటా మిర్చి ఎంత ఎర్రగున్నదో, మచ్చ ఎట్ల లేదో చెప్పుకుంట తిరుగుతం. టీచరమ్మ భాషల చెప్పాల్నంటే మేం ఎక్స్‌టోల్ చేస్తం, వాళ్లు ప్రెయిజ్ చెయ్యరు.

2025ల చపాటాకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఇలాక సరుకే అనే ముద్ర, వచ్చినప్పుడు పేపర్లన్నీ మెచ్చుకున్నయ్. ఆ మెచ్చుకోలు రేటుల కనబడితే అప్పుడు పూర్తి ప్రెయిజ్ అయితది.

సుబేదారి_టీచరమ్మ
మిర్చి గారూ, ఈ రెండు మాటలకూ తేడా ఇంత బాగా నేను క్లాసులో ఎన్నడూ చెప్పలేదు. రైతు ఎక్స్‌టోల్ చేస్తాడు, ఖరీదుదారు ప్రెయిజ్ చేయడు. ఎవరికైనా అర్థమవుతుంది.

మండిబజార్_చాయ్
ధర, పొగడ్త జోడీ ఉర్దూల కూడా ఉన్నది భాయ్. తారీఫ్ అంటం కదా, "బాస్ బాగ తారీఫ్ చేసిండు" అని. అది అరబ్బీ మాట. అసలు అర్థం తెలియజేసుడు, ఎరుక చేసుడు. ఒక మనిషి ఎసుంటోడో నలుగురికి ఎరుక చేస్తే అది తారీఫ్. ఆ అరబ్బీ మాటే ఇటలీ వ్యాపారుల నోట్లె పడి సుంకాల జాబితా అయింది, ఇంగ్లీషుల టారిఫ్ అయింది. కరెంటు టారిఫ్ పెరిగింది అన్నప్పుడల్ల మీరు తారీఫ్ మాటనే వాడుతున్నరు.

శభాష్ కూడా రాసుకో తమ్మీ. ఫార్సీల "షాద్ బాష్", సంతోషంగ ఉండు అని. మెచ్చుకునుడు అంటే ఆశీర్వాదం పెట్టుడే.

కాజీపేట_లోకో
తారీఫ్, టారిఫ్ చుట్టాలా! మరి ఎక్స్‌టోల్‌ల ఉన్న టోల్, హైదరాబాద్ రోడ్డు మీద టోల్‌గేట్ కాడ కట్టే టోల్ ఒక్కటేనా?

ఓరుగల్లు_టు_డబ్లిన్
కాదు. టోల్‌గేట్ టోల్ గ్రీకుల పన్ను అనే అర్థమున్న "తెలోస్" దిక్కుకెల్లి వచ్చింది. శబ్దం ఒకతీరు ఉన్నదని చుట్టరికం కలపొద్దు. ఎక్స్‌టోల్‌కు నిజం చుట్టం టాలరేట్. మోసుడు, భరించుడు అని అర్థం. టొల్లెరె, టోలెరారె రెండూ ఒకే పాత ధాతువుకెల్లి వచ్చినయ్. ఆ ధాతువుకు ఎత్తుడు, మోసుడు, తూచుడు అన్ని అర్థాలున్నయ్. గ్రీకుల త్రాసును, బరువును "తాలంతోన్" అంటరు, టాలెంట్ అనే మాట ఆడికెల్లే వచ్చింది. సంస్కృతంల అదే ధాతువు "తుల".

ములుగు_అడవి
ఆగుండ్రి ఆగుండ్రి. తుల అంటే మన తులాభారం తులనా? తులం బంగారం తులమా?

ఓరుగల్లు_టు_డబ్లిన్
అవును అదే. తులన, తుల్యం, అతుల్యం అన్నీ. లాటిన్, గ్రీకు, సంస్కృతం మూడూ ఇండో యూరోపియన్ అనే ఒక్క కుటుంబం భాషలే, వాటి తులనాత్మక అధ్యయనంల స్థిరపడ్డ సంగతి ఇది. మాట వరసకు అంటున్నది కాదు.

ములుగు_అడవి
అయితే మా మేడారం ముచ్చట రాయాల్సిందే. మాఘ పున్నమికి రెండేండ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర. మొక్కు ఉన్నోళ్లు త్రాసుల ఒక దిక్కు కూసుంటరు, ఇంకో దిక్కు బెల్లం పెడ్తరు. బెల్లం అనం, బంగారం అంటం. మనిషెత్తు బంగారం తూచి తల్లులకు ఇస్తరు. బెల్లం బరువు సరిపోయిందా, మనిషి కూసున్న తట్ట పైకి లేస్తది. చుట్టు ఉన్నోళ్లు మొక్కుతరు. తూచుడు, ఎత్తుడు, కొలుచుడు మూడూ ఒక్కకాన్నే జరుగుతయ్. మా దిక్కు "తల్లిని కొలుస్తం" అంటే పూజిస్తం అని కూడా గదా. ఇంగ్లీషు మాట పుట్టుక చెప్పుకుంట పోతే మా గద్దెల కాడికి వచ్చింది. నాకు ఒళ్లు జల్లుమన్నది.

కోట_గోడ
"అతుల" అన్న విశేషణం శాసనాల్లోనూ స్తోత్రాల్లోనూ కనిపించేదే. త్రాసులో పెడదామంటే అవతలి తట్టలో పెట్టడానికి సాటి దొరకనివాడు అని. పొగడ్తల్లో అదే ఆఖరి మెట్టు. ఇంకొకటి, మన "తూగు", "తూకం" ద్రావిడ మాటలు, తుల కుదురు కాదు. తమిళంలో "తూక్కు" అంటే ఎత్తడం, తూచడం రెండూ. సంబంధం లేని రెండు భాషాకుటుంబాల్లోనూ ఎత్తడం, తూచడం ఒక్క మాటలోనే ఇమిడాయి. త్రాసును చేత్తో ఎత్తితే గానీ తూచలేని రోజులు కదా అవి.

నర్సంపేట_మిర్చి
ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చినయ్ గని, తూకమేసే దడువాయి కండ్లు మాత్రం అవే కండ్లు.

లష్కర్‌బజార్
అందరు మంచి ముచ్చట్లే చెప్పిండ్రు, చదివి సంతోషపడ్డ. గని అసలు మాట మీద మాత్రం జరగను. పుట్టుక వేరు, ఇయ్యాల వాడుక వేరు. పుట్టుకను బట్టే అర్థం చెప్పాల్నంటే ఎక్స్‌ప్లోడ్ సంగతేంది? పేలుడు అంటే దానికీ చప్పట్లకూ ఏం సంబంధం?

ఓరుగల్లు_టు_డబ్లిన్
అన్నా, ఆ మాటే ఎందుకు ఎంచుకున్నవో గని దానికీ చప్పట్లకూ సంబంధమున్నది. లాటిన్‌ల "ప్లౌదెరె" అంటే చప్పట్లు కొట్టుడు. "అద్" తగిలిస్తే అప్లాడ్. "ఎక్స్" తగిలిస్తే ఎక్స్‌ప్లోడ్. బాగ ఆడని నటుని చప్పట్లతో గోల చేసి స్టేజీ మీదికెల్లి ఎల్లగొట్టుడు అని మొదటి అర్థం. పేలుడు తర్వాత వచ్చింది.

లష్కర్‌బజార్
తెలిసే అడిగిన తమ్మీ. ఇప్పుడు బాంబు పేలిందని రాసే విలేకరికి నటుడు, స్టేజీ గుర్తుకొస్తయా? రావు. అదే నేను చెప్పేది. ఎక్స్‌టోల్‌ల ఎత్తుడు ఉండె, ఇయ్యాల పేపర్ల ఎట్ల వాడుతున్నరో చూసి నేర్చుకోవాలె. పిలగాడు పుట్టుక చదివి వాక్యం రాస్తే బరువులు ఎక్స్‌టోల్ చేసిన అని రాస్తడు.

సుబేదారి_టీచరమ్మ
వాడుక చూసే నేర్చుకోవాలి, అందులో మీతో నాకు పేచీ లేదు. పుట్టుక వల్ల ఉపయోగం వేరు. ఐదు మాటలకూ ఒకే అర్థం రాసుకున్న పిల్లవాడికి ఐదూ గుర్తుండవు. ఒకటి ఎత్తడం, ఒకటి వెల కట్టడం, ఒకటి చప్పట్లు అని తెలిస్తే ఏదీ ఇంకోదానితో కలవదు. మా తెలుగు మీడియం పిల్లలకు ఈ దారి పనికొచ్చినంతగా బట్టీ పనికిరాలేదు. మాటను నమ్మకంగా వాడాలంటే దాంతో ముందు చనువు ఏర్పడాలి.

బ్యాంక్‌జాబ్_హన్మకొండ
లాడ్, కమెండ్ మిగిలినయ్ టీచరమ్మా. మాక్ టెస్టు వాక్యం గిది: "ద కమిషనర్ డ్యాష్ ద కాన్‌స్టేబుల్ ఫర్ హర్ ప్రెజెన్స్ ఆఫ్ మైండ్." ఎక్స్‌టోల్డ్, కమెండెడ్ రెండూ ఆప్షన్ల ఉన్నయ్.

ఫాతిమానగర్_వాయిస్
కమెండ్ నేను చెప్తా. లాటిన్ "కొమ్మెందారె", అప్పగించడం. "మందారె" అంటే చేతికి ఇవ్వడం, అందులో చెయ్యి అనే మాట ఉంది. సిలువ మీద ఏసు చివరి మాట ఇంగ్లీషులో "ఇంటు దై హ్యాండ్స్ ఐ కమెండ్ మై స్పిరిట్". అక్కడ పొగడ్త లేనే లేదు, నా ఆత్మను నీ చేతికి అప్పగిస్తున్నాను అని. మంచి మనిషి అని చెప్పి ఒకరి చేతికి అప్పగించడం నుంచి మెచ్చుకోవడం వచ్చింది. రికమెండ్ అందులోదే.

సుబేదారి_టీచరమ్మ
అందుకే నీ వాక్యానికి కమెండెడ్. పై అధికారి, కింది ఉద్యోగి, చేసిన ఒక మంచి పని, దాని ముందు "ఫర్". ఇవన్నీ ఉన్నచోట కమెండ్ కూర్చుంటుంది. పోలీసులకు, సైనికులకు ఇచ్చే కమెండేషన్ కూడా ఇదే. వాక్యం "ద స్పీకర్ డ్యాష్ ద బెనిఫిట్స్ ఆఫ్ మిల్లెట్స్" అని ఉంటే ఎక్స్‌టోల్డ్ పెట్టు.

లాడ్ లాటిన్ "లౌదారె", నేరుగా పొగడటమే, లోపల ఇంకో బొమ్మ లేదు. పత్రికల శీర్షికల్లో ఎక్కువ వాడతారు, పొట్టి మాట కాబట్టి. డిగ్రీ పట్టాల మీద "కమ్ లౌదె", అంటే పొగడ్తతో, అని ఉండేది అందులోదే.

లష్కర్‌బజార్
కమెండెడ్ కరెక్ట్. దీంట్ల మేడంతో ఒక్కటే మాట.

కాజీపేట_లోకో
ఎగ్జాల్ట్ అని ఇంకోటి ఉన్నది, దాన్ని ఇడిచిపెట్టిండ్రు.

సుబేదారి_టీచరమ్మ
"అల్తుస్" అంటే ఎత్తైన. ఎగ్జాల్ట్ అంటే ఎత్తైన స్థానానికి చేర్చడం, మాటతో గానీ పదవితో గానీ. ఎగ్జల్ట్ అని ఇంకోటి ఉంది, అది ఎగిరి గంతేయడం, అంటే ఆనందంతో ఉప్పొంగడం. ఈ రెండూ పక్కపక్కన ఆప్షన్లుగా ఇస్తారు, స్పెల్లింగులో ఒక్క అక్షరమే తేడా. కళ్లు పెట్టి చూడు.

బ్యాంక్‌జాబ్_హన్మకొండ
రాసుకున్న టీచరమ్మా. ఆఖరుకు ఇంకొక్కటి, ఎక్స్‌టోల్‌కు చివర్ల ఎల్ ఒకటా రెండా? రెండు తీర్ల చూసిన.

సుబేదారి_టీచరమ్మ
రెండూ ఉన్నాయి, ఒక ఎల్ ఎక్కువ వాడుక. పరీక్షలో ఒకటే రాయి. భూతకాలానికి, "ఇంగ్"కు మాత్రం ఖచ్చితంగా రెండు ఎల్‌లు. పలకడం "ఇక్‌స్టోల్", బరువు రెండో ముక్క మీద.